పదేళ్ళ బాప్తిస్మపు రిజిస్టరులో బయటి నుంచి వచ్చిన పేరు ఒక్కటీ లేదు

గుండ్లకమ్మ ఒడ్డు (ఆదివారం, రాత్రి 9:40)

అందరికీ వందనాలు. రెండు వారాలుగా మనసులో నలుగుతున్న విషయం ఇక్కడ పెడుతున్నాను. కాస్త పెద్దదే, ఓపిగ్గా చదవండి.

మాది ఒంగోలు వైపు పాత బాప్టిస్టు సంఘం. ఊరి పేరు వద్దు. వచ్చే ఏడాది 125 ఏళ్ళ పండుగ. కమిటీ సెక్రటరీని కాబట్టి జూబిలీ పుస్తకం పని నా మీద పడింది. సంఘం ఎలా పెరిగిందో ఒక పేజీ రాద్దామని బీరువాలోంచి బాప్తిస్మపు రిజిస్టర్లన్నీ దింపుకుని కూర్చున్నాను. పాత పుస్తకాల్లో పేరు, ఊరు, తండ్రి పేరు తర్వాత 'ఎవరి ద్వారా' అని ఒక గడి ఉంది. అందులో 'మేనమామ ద్వారా', 'కోతలకు పోయినచోట', 'బైబిలు స్త్రీ ద్వారా' అని రాసి ఉంది. ఒకచోట 'కోడలి ద్వారా' అని ఉంటే చాలాసేపు ఆ పేజీ తిప్పలేకపోయాను. ఏ అత్తగారో, ఆ కోడలు ఎలాంటి పిల్లో!

తర్వాత పుస్తకం మారింది. కొత్తదాంట్లో ఆ గడే లేదు. గత పదేళ్ళలో 71 పేర్లు. అరవై తొమ్మిది మంది మన పిల్లలే, సండే స్కూల్లో నేను పాఠం చెప్పినవాళ్ళే. మిగతా ఇద్దరు పెళ్ళి కుదిరాక తీసుకున్నవాళ్ళు. వినీ నమ్మీ బయటి నుంచి వచ్చినవాళ్ళు ఒక్కరూ లేరు.

అదే వారం కమిటీ మీటింగు. ఆర్చి గ్రానైటుతోనా సిమెంటుతోనా, శిలాఫలకం మీద ఎవరి పేరు ముందు ఉండాలి అన్నదాని మీద మూడు గంటలు గడిచాయి. చివర్లో రిజిస్టరు మాట ఎత్తాను. "అది పాస్టరుగారి పని కదా" అన్నారు ఒక పెద్దాయన. ఎవరూ మాట్లాడలేదు. నేను కూడా మాట్లాడలేదు. ఎందుకంటే ఆయన అన్నది ఇన్నేళ్ళుగా నేను నమ్మి బతికిన మాటే.

ఈ నేల కథ మనకు తెలుసు. 1836లో అమెరికా మిషనరీ డే దొర మొదలుపెట్టిన తెలుగు మిషను పదిహేడేళ్ళు గడిచినా పెద్దగా పండలేదని 1853లో అమెరికాలో దాన్ని మూసేయాలా అని చర్చించారు. 1854 జనవరి 1 తెల్లవారుజామున ఒంగోలు కొండెక్కి ప్రార్థించింది ఐదుగురు. జ్యూయెట్ దొర, ఆయన భార్య, మన తెలుగాయన నర్సు, జూలియా, రూతు. 1867లో ఒంగోలు సంఘం మొదలైనప్పుడు సభ్యులు ఎనిమిది మంది. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఏటిలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం. ఎనిమిది మందికీ ఆ సంఖ్యకీ మధ్య పదకొండేళ్ళు. ఆ పదకొండేళ్ళూ ఒంగోలు మిషనరీ క్లౌ దొర ఒక్కడే తిరిగాడా? లేదు. 1866లో తోళ్ళ వ్యాపారి ఎర్రగుంట్ల పేరయ్య, భార్య నాగమ్మతో కలిసి బాప్తిస్మం తీసుకున్నాడు. తోళ్ళ కోసం ఏ ఊళ్ళు తిరిగాడో ఆ ఊళ్ళకే ఈ మాట మోసుకుపోయాడు. చుట్టాలకు చెప్పాడు, బేరాలాడిన వాళ్ళకు చెప్పాడు.

మాకు ఏసీ ఉంది, కీబోర్డు ఉంది, డ్రమ్స్ ఉన్నాయి. పేరయ్య లేడు. మీ సంఘాల్లో ఎలా ఉందో చెప్పండి. నిజం చెప్పండి.

సెలయేరు (ఆదివారం, రాత్రి 10:15)

అన్నా, మాదీ ఇదే పరిస్థితి. మాకు రిజిస్టరు చూసే ధైర్యం కూడా లేదు. ప్రకటన గ్రంథంలో లవొదికయ సంఘానికి ప్రభువు రాయించిన ఉత్తరంలో ఆ సంఘం చేసిన ఘోరపాపం ఏదీ కనపడదు. ధనవంతులం, మాకేమీ కొదువ లేదు అనుకున్నారు, అంతే. ఆయన తలుపు బయట నిలబడి తట్టింది ఆ సంఘం తలుపే.

పల్లె కాపరి (సోమవారం, ఉదయం 6:05)

సెక్రటరీగారూ, వందనాలు. నేను పాస్టరుని, 22 ఏళ్ళుగా నాలుగు పల్లెలు చూస్తున్నాను. రెండు మాటలు.

ఒకటి, మీ రిజిస్టరు అబద్ధం చెప్పకపోవచ్చు గానీ నిజమంతా చెప్పదు. నా దగ్గర ఆదివారం కూర్చునేవాళ్ళలో సగం మంది పేర్లు ఏ పుస్తకంలోనూ ఉండవు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైన దళితుడికి ఎస్సీ హోదా ఉండదు. సిక్కులకు 1956లో, బౌద్ధులకు 1990లో ఇచ్చారు, మనకు ఇవ్వలేదు. క్రైస్తవుడినని సర్టిఫికెట్ తీసుకుంటే బీసీ-సీ. అదీ ఒక్క శాతం రిజర్వేషనులో. పిల్లవాడికి ఇంజినీరింగ్ సీటు, హాస్టలు, స్కాలర్‌షిప్పు అన్నీ ఆ కాగితం మీదే. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి రాష్ట్రంలో క్రైస్తవులు 1.34 శాతం అని వచ్చింది. మా మండలం చూసినవాళ్ళెవరూ ఆ అంకెను నమ్మరు. వాళ్ళను పిరికివాళ్ళు అనకండి. ఆకలితో ఉన్నవాడి ముందు ధైర్యం గురించి ప్రసంగించడం నాకు చేతకాలేదు.

రెండు, 'పాస్టరుగారి పని' అన్న మాట. నిజానికి మేమే మీకు అది నేర్పాం. సభ్యుడు ఎవరికైనా ప్రార్థన చేస్తే 'నన్ను పిలవలేదేం' అని అడిగినవాణ్ణి నేను. ఒక అక్క పక్కింట్లో జబ్బు మనిషి దగ్గర రోజూ వాక్యం చదివేది. అనుమతి తీసుకోలేదని నలుగురిలో మందలించాను. ఆ తర్వాత ఆవిడ మానేసింది. పదేళ్ళయింది. కిందటి లెంట్‌లో వాళ్ళింటికి వెళ్ళి క్షమాపణ అడిగాను. "పర్లేదు అయ్యగారూ" అంది గానీ మళ్ళీ మొదలుపెట్టలేదు.

వెలిచూపు (సోమవారం, ఉదయం 8:30)

ఇక్కడ ఎక్కువ రాయను, రోజూ చదువుతుంటాను. ఈసారి ఒక మాట చెప్పాలనిపించింది.

నేను బయటి నుంచి వచ్చినదాన్నే. మా అమ్మ ఇప్పటికీ కార్తీక మాసంలో తెల్లవారుజామున లేచి దీపం పెడుతుంది. నేను ప్రభువును తెలుసుకుని పద్నాలుగేళ్ళు. మొదటిసారి చర్చికి వచ్చినప్పుడు ప్రసంగ వేదిక మీద నుంచి 'అన్యులు, అన్యులు' అని ఎన్నిసార్లు అన్నారో లెక్కపెట్టాను. పద్దెనిమిది. ప్రతిసారీ మా అమ్మ ముఖం కళ్ళముందు కదిలింది.

పత్రికల్లో మన గురించి 'అన్యమత ప్రచారం' అని రాస్తే మనకెంత బాధ? అదే మాట మనం ప్రతి ఆదివారం వాడుతున్నాం. బైబిల్లో అన్యజనులంటే యూదులు కానివాళ్ళు. అంటే ఈ చర్చలో ఉన్న మనమందరమూ. ఆ మాట మనల్ని లోపలికి పిలవడానికి వచ్చింది. మనం దాన్ని గేటు చేసి వేలాడదీశాం.

నేనెలా వచ్చానో చెప్తాను. డిగ్రీ రెండో ఏడు నాకు టైఫాయిడ్, తర్వాత కామెర్లు. ఆసుపత్రిలో రాత్రిపూట ఆయా ఉండేది. వాంతి చేసుకుంటే తుడిచేది, చీర మార్చేది, మా అమ్మను కాసేపు పడుకోమనేది. 'నీకోసం ప్రార్థన చేసుకోనా అమ్మా' అని ఒక్కసారి అడిగింది. వద్దన్నాను. సరేనంది. తుడవడం మానలేదు. ఆరో రోజు నేనే అడిగాను, ఏమని ప్రార్థిస్తావు అని. అంతే. కరపత్రం కాదు, సభ కాదు.

ఎలుగెత్తి (సోమవారం, ఉదయం 11:20)

అందరూ మెత్తగా మాట్లాడుతున్నారు. నేను సూటిగా అడుగుతాను. యెహెజ్కేలు 33లో కావలివాడు బూర ఊదకపోతే రక్తాపరాధం ఎవరి మీద ఉంటుంది? మాటల్లో జాగ్రత్త, ప్రవర్తనతో సాక్ష్యం అంటూ నోరు మూసుకోవడానికి వంద కారణాలు వెతుక్కుంటున్నాం. మేము పదిమంది యువకులం ప్రతి శనివారం బస్టాండు దగ్గర మైకు పెట్టి ప్రకటిస్తున్నాం. రాళ్ళు పడ్డాయి. ఆపలేదు. మీరు చల్లగా కూర్చుని చర్చ చేసుకోండి.

వెలిచూపు (సోమవారం, మధ్యాహ్నం 12:05)

తమ్ముడూ, మీ తెగువకు దండం. రాళ్ళు వేసిన వాళ్ళది తప్పే. కానీ ఒకటి అడుగుతాను. మైకులో వాళ్ళ దేవుళ్ళ గురించి ఏమైనా అంటారా?

ఎలుగెత్తి (సోమవారం, మధ్యాహ్నం 12:40)

విగ్రహాల గురించి వాక్యంలో ఉన్నదే అంటాం.

వెలిచూపు (సోమవారం, మధ్యాహ్నం 1:10)

పౌలు ఏథెన్సులో విగ్రహాలు చూసి లోపల ఎంత మండిపోయాడో అపొస్తలుల కార్యములు 17లో ఉంది. నోరు తెరిచాక మాత్రం వాళ్ళ బలిపీఠం మీది రాత దగ్గర మొదలుపెట్టాడు, వాళ్ళ కవుల మాటే ఎత్తాడు. మా అమ్మ ఆ బస్టాండులో బస్సు కోసం నిలబడి ఉంటుంది అనుకుని మాట్లాడండి. అంతే నేనడిగేది.

నల్లకోటు (సోమవారం, సాయంత్రం 6:45)

నేను లాయరుని. విశ్వాసినే. భయం వల్ల ఆగినవాళ్ళూ, చట్టం తెలియక చిక్కుల్లో పడినవాళ్ళూ ఇద్దరూ నా దగ్గరికి వస్తారు కాబట్టి చెప్తున్నాను.

రాజ్యాంగం 25వ అధికరణం మతాన్ని నమ్మడానికి, ఆచరించడానికి, ప్రచారం చేయడానికి హక్కు ఇస్తుంది. శాంతిభద్రతలు, నైతికత, ఆరోగ్యం అనే హద్దులకు లోబడి. 1977లో స్టానిస్లాస్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిందేమంటే, నీ విశ్వాసం గురించి వివరించి చెప్పే హక్కు నీకుంది, ఎదుటివాణ్ణి మార్చే హక్కంటూ నీకు లేదు అని. మనలో చాలామంది ఆ తీర్పును దెబ్బలా చూస్తారు. నాకలా అనిపించదు. మార్చడం మన పని అని లేఖనం మాత్రం ఎక్కడ చెప్పింది? చెప్పడం మన వంతు. హృదయం తెరిచేది ఆయన. ఫిలిప్పీలో లూదియ హృదయం ప్రభువు తెరిచాడనే ఉంది గానీ పౌలు తెరిచాడని లేదు.

2007 నాటి చట్టం ప్రకారం తిరుమల లాంటి నోటిఫై చేసిన పుణ్యక్షేత్రాల్లో ఇతర మత ప్రచారం నేరం. అక్కడికి కరపత్రాలు పట్టుకుపోవద్దు, ఎవరు ఉసిగొల్పినా సరే. బస్టాండులో మైకు పెట్టాలంటే పోలీసు అనుమతి తీసుకోండి, రాత్రి పది దాటితే ఆపండి. డబ్బు, ఉద్యోగం, వైద్యం ఆశ చూపి ఎవరినీ పిలవకండి. ఇంట్లో కూర్చుని, అడిగినవాడికి, నువ్వు ఎందుకు నమ్మావో చెప్పడానికి ఏ అనుమతీ అక్కర్లేదు. మనం అదొక్కటీ చేయడం లేదు.

గుండ్లకమ్మ ఒడ్డు (సోమవారం, రాత్రి 9:10)

లాయరుగారూ, ఆశ చూపడం అన్నారు కాబట్టి ఒక మాట. 1876-78 కరువులో క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి చూపించాడు. మన బోధకులే మేస్త్రీలు. కూలీలు అలసి కూర్చున్నప్పుడు పక్కన కూర్చుని వాక్యం చెప్పేవాళ్ళు. జనం బాప్తిస్మం ఇమ్మని గుంపులుగా వచ్చారు. ఆయన ఇవ్వలేదు. తిండి కోసం వచ్చారన్న మాట పడకూడదని కరువు సాయం నడిచినన్నాళ్ళూ ఆపాడు. ఇక ఇచ్చేది ఏమీ లేదు, పని అయిపోయింది అని చెప్పాక కూడా వచ్చినవాళ్ళే గుండ్లకమ్మలో దిగారు. ఆ రోజు బాప్తిస్మం ఇచ్చింది ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరిద్దరు చొప్పున వంతులేసుకుని. దొర ఒక్కరికీ ఇవ్వలేదు.

కాపరిగారూ, మీరు రాసింది మూడుసార్లు చదివాను. సర్టిఫికెట్ సంగతి నేను ఆలోచించలేదు. మా ఊళ్ళో వెనక బెంచీలో కూర్చుని ప్రభువు బల్లకు (రొట్టె, ద్రాక్షారసం పంచుకునే ఆచారానికి) ముందే లేచిపోయే కుటుంబాలు నాలుగున్నాయి. ఇన్నాళ్ళూ వాళ్ళను 'సగం సగం వాళ్ళు' అనుకున్నాను. దేవుడు నన్ను క్షమించాలి.

సెంటు లెక్క (సోమవారం, రాత్రి 11:30)

హైదరాబాదు, ఐటీ. నా సంగతి చెప్పుకోవడం కష్టంగానే ఉంది. టీమ్‌లో తొమ్మిది మందిమి. ఆరేళ్ళు కలిసి పనిచేశాం. వాళ్ళ గృహప్రవేశాలకు వెళ్ళాను, అయ్యప్ప మాల వేసుకుంటే భిక్షకు వెళ్ళాను. నేను క్రైస్తవుణ్ణని ఇద్దరికే తెలుసు, అదీ క్రిస్మస్‌కి సెలవు పెడితే. ఆదివారం మాత్రం స్టేజీ మీద గిటారు వాయిస్తాను.

భయం కాదు అని నాకు నేను చెప్పుకున్నాను. కానీ మొన్న లంచ్‌లో ఒకతను చనిపోయిన తండ్రి గురించి మాట్లాడుతూ 'ఆయన ఇప్పుడు ఎక్కడుంటాడంటావ్' అని నన్నే అడిగాడు. నేను ఫోను చూసుకున్నాను. దీనికి మీరేం పేరు పెడతారో పెట్టండి.

డోర్నకల్ పాతబస్తీ (మంగళవారం, ఉదయం 5:50)

బిడ్డా, పైన రాసిన పిల్లగాడా, నీకే చెప్తున్న. నాకు 74 ఏండ్లు. మా తాత అజరయ్య బిషప్పు చేతుల బాప్తిస్మం తీసుకున్నోడు. తిరునెల్వేలి నుంచి 1909ల మా దిక్కు వచ్చి, తెలుగు నేర్చుకొని, 1912ల బిషప్పైనోడు అజరయ్యగారు. ఆంగ్లికన్ సంఘంల మొదటి భారతీయ బిషప్పు. బాప్తిస్మం అయినంక ఒక్కొక్కరిని తలకాయ మీద చెయ్యి పెట్టుకోమనేటోడంట. నేను బాప్తిస్మం పొందిన క్రైస్తవుణ్ణి, సువార్త ప్రకటించకుంటే నాకు శ్రమ, అని నోటితో అనిపించేటోడు. పౌలు కొరింథీయులకు రాసిన మాటే. మా తాతకు చదువు రాదు. పొలం కాడికి పోతూ గూడ తల మీద చెయ్యి పెట్టుకొని అదే అనుకుంటుండె, చూసినోళ్ళు తలనొప్పి అనుకునేటోళ్ళు.

ఏడాదికి ఒక వారం సాక్ష్యం వారం అని పెట్టి, కూలోళ్ళు, రైతులు, ఆడోళ్ళు పక్క ఊళ్ళకు పొయ్యేటోళ్ళు. పాస్టర్లు ఎందరు ఉండిరి గనుక? గీ మనుషులే పోవాలె.

ఆర్చి మీద కోపం పెట్టుకోకు సెక్రటరీ సాబ్. అజరయ్యగారు గూడ పెద్ద గుడి కట్టిండు, 1939ల ప్రతిష్ఠ అయింది, మేము ఇప్పటికీ అండ్లనే కూసుంటం. గుడి కట్టినందుకు సంఘం నిద్రపోదు. తల మీది నుంచి చెయ్యి తీసినంక నిద్రపోయింది.

పిల్లగాడా, నీ దోస్తు మళ్ళ అడుగుతడు. అడగకుంటే నువ్వే అడుగు, మీ నాయన గురించి చెప్పు అని. ముందుగాల ఇను.

రాజోలు కువైట్ (మంగళవారం, మధ్యాహ్నం 3:15)

అందరికీ వందనాలండి. నేను ఇంటి పని చేసుకుంటానండి ఇక్కడ. తెలుగు రాయడం అంత రాదు, తప్పులుంటే సర్దుకోండి. శుక్రవారం సెలవు దొరికితే చర్చి కాంపౌండుకి వెళ్తానండి, అక్కడ మలయాళం వాళ్ళు, తమిళం వాళ్ళు, మనవాళ్ళు ఒక్కో గదిలో ఆరాధన చేసుకుంటారు. ఇక్కడి చట్టాలు వేరండి, ఇంటివాళ్ళ దగ్గర నేనేం మాట్లాడను. కానీ మన కడప వైపు పిల్ల ఒకమ్మాయి పక్క బిల్డింగులో ఉంది, జీతం ఇవ్వట్లేదు, రాత్రుళ్ళు ఏడుస్తది. చెత్త వేయడానికి కిందికొచ్చినప్పుడు ఐదు నిమిషాలు మాట్లాడుకుంటాం. నాకు తెలిసిన ఒక పాట పాడతాను. మొన్న ఆ పిల్లే పాడింది. ఇంకేం చేయాలో నాకు తెలీదు, ఆ పిల్ల కోసం ప్రార్థన చేయండి అని అడగడానికి రాశానండి.

పల్లె కాపరి (మంగళవారం, సాయంత్రం 4:00)

అమ్మా, ఈ సాయంత్రం మా ప్రార్థనలో ఆ బిడ్డ కోసం అడుగుతాం. జీతం విషయంలో ఆ అమ్మాయిని రాయబార కార్యాలయానికి ఫిర్యాదు చేయమనండి, భయపడొద్దని చెప్పండి. మీరు చెత్తబుట్ట దగ్గర చేస్తున్నది నేను ప్రసంగ వేదిక మీద చేయలేకపోయాను.

ఎలుగెత్తి (మంగళవారం, రాత్రి 8:20)

నిన్నటి నా మాట కఠినంగా ఉంది, నిజమే. చల్లగా కూర్చున్నారు అనడం తప్పు. అయినా బహిరంగంగా చెప్పడం మానేయాలన్నది నేను ఒప్పుకోను. వినాలనుకున్నవాడికి మన ఇల్లు తెలియదు కదా, బస్టాండులో అయితే వింటాడు. అక్క చెప్పినట్టు వాళ్ళ దేవుళ్ళ జోలికి పోకుండా యేసు గురించే చెప్పి చూస్తాం ఈ శనివారం. అనుమతి కాగితానికి అప్లికేషను ఎలా రాయాలో లాయరుగారు చెప్పగలరా?

నల్లకోటు (మంగళవారం, రాత్రి 8:50)

నమూనా మెసేజ్ చేశాను, చూడండి. రెండు కాపీలు తీసుకెళ్ళి ఒకదాని మీద స్టేషనులో ముద్ర వేయించుకోండి.

సెలయేరు (బుధవారం, ఉదయం 7:00)

రాజులు రెండో గ్రంథం 7వ అధ్యాయం ఈ ఉదయం చదివాను. షోమ్రోను ముట్టడిలో ఆకలితో చస్తున్న నలుగురు కుష్ఠరోగులు శత్రువుల శిబిరం ఖాళీగా ఉండటం చూసి తిన్నారు, తాగారు, వెండి బంగారం దాచుకున్నారు. అప్పుడు ఒకరి ముఖం ఒకరు చూసుకుని మనం చేస్తున్నది మంచిపని కాదు అనుకున్నారు. వాళ్ళకు ప్రకటించమని ఎవరూ ఆజ్ఞ ఇవ్వలేదు. కడుపు నిండాక, ఊళ్ళో ఇంకా ఆకలితో ఉన్నారని గుర్తొచ్చింది. మనకు గుర్తు రాకపోవడానికి కారణం మన కడుపు నిజంగా నిండకపోవడమేమో. పాటలు, సభలు, యూట్యూబ్ ప్రసంగాలు వింటున్నాం గానీ తింటున్నామా? నన్ను నేను అడుగుకుంటున్నాను.

సెంటు లెక్క (బుధవారం, రాత్రి 10:05)

తాతగారూ, అడిగాను. కారు పార్కింగులో. వాళ్ళ నాన్న గురించి గంటసేపు చెప్పాడు, సైకిలు మీద స్కూలుకి తీసుకెళ్ళిన దగ్గర్నుంచి ఐసీయూ వరకు. నేను యేసు పేరు ఎత్తలేదు. చివర్లో 'నువ్వు ప్రార్థన అదీ చేస్తావటగా' అన్నాడు. చేస్తాను అన్నాను. 'మా అమ్మకి నిద్ర పట్టట్లేదు, చెయ్' అన్నాడు. చేస్తున్నాను.

గుండ్లకమ్మ ఒడ్డు (శుక్రవారం, రాత్రి 9:30)

నిన్న కమిటీలో రెండు అడిగాను. కొత్త రిజిస్టరులో 'ఎవరి ద్వారా' గడి మళ్ళీ పెట్టాలని, అది ఖాళీగా ఉన్నా సరే. దానికి ఒప్పుకున్నారు. ఆర్చి డబ్బులో కొంత తీసి ఇద్దరు బైబిలు స్త్రీలకు ఏడాది జీతం ఇద్దామన్నాను. ఒప్పుకోలేదు. ఇంకో మీటింగులో మళ్ళీ అడుగుతాను.

వెనక బెంచీ కుటుంబాల్లో ఒకరింటికి వెళ్ళి టీ తాగి వచ్చాను. చర్చి సంగతి ఏమీ ఎత్తలేదు. ఇన్నేళ్ళలో కమిటీవాళ్ళు వాళ్ళింటికి రావడం ఇదే మొదటిసారి అని ఆ ఇంటాయన అన్నాడు.

ఇంకొకటి. మా వీధి చివర టైలరు ఉన్నాడు, పద్దెనిమిదేళ్ళుగా నా చొక్కాలు ఆయనే కుడతాడు. ఈ సాయంత్రం వెళ్ళి, ఎప్పుడూ అడగనిది, ఆయన పిల్లల గురించి అడిగాను. మాటల్లో నేను రాస్తున్న జూబిలీ పుస్తకం సంగతి వచ్చింది. పేరయ్య కథ చెప్పాను. కుట్టు మిషను ఆపి విన్నాడు. 'తోళ్ళ వ్యాపారి అంతమందికి చెప్పాడంటే ఆ కథలో ఏదో ఉండాలి, మీ పుస్తకం ఇవ్వండి చదువుతాను' అన్నాడు. మార్కు సువార్త ఇద్దామనుకున్నాను గానీ ఆయనకు చత్వారం. ఇంట్లో ఉన్నవన్నీ సన్న అక్షరాలు. పెద్ద అక్షరాలది ఎక్కడ దొరుకుతుంది?

పల్లె కాపరి (శుక్రవారం, రాత్రి 9:55)

నా దగ్గర పెద్దక్షరాల కొత్త నిబంధన రెండున్నాయి. రేపు పొద్దున మా అబ్బాయి ఒంగోలు వస్తున్నాడు. బస్టాండులో ఎన్నింటికి కలుస్తారో చెప్పండి.

గుండ్లకమ్మ ఒడ్డు (శుక్రవారం, రాత్రి 9:58)

తొమ్మిదిన్నరకి. టైలరు పదింటికి కొట్టు తీస్తాడు.